షైలాక్‌కి వంకర ముక్కు పెట్టాలా?

#1 · తెరతీయగరాదా

పరిషత్తు కోసం షేక్‌స్పియర్ 'మర్చంట్ ఆఫ్ వెనిస్' కోర్టు రంగాన్ని తెలుగు నాటికగా కుదిస్తున్నాం. నిడివి 45 నిమిషాలు. కథ అందడానికి 1వ అంకంలో యూదు వడ్డీవ్యాపారి షైలాక్‌కి వర్తకుడు ఆంటోనియో రాసిచ్చే అప్పుపత్రం రంగం, 3వ అంకంలోని 'యూదుడికి కళ్ళు లేవా' అనే ప్రసంగం ముందు కలుపుతున్నాం. నాలుగు చోట్ల బండి ఆగింది.

ఒకటి, మేకప్. పాత బొమ్మల్లో షైలాక్ అంటే పుట్టీతో చేసిన వంకర ముక్కు, ఎర్ర విగ్గు, మేక గడ్డం, చేతులు నలుపుకుంటూ వంగి నడవడం. ఇవన్నీ యూదుల మీద తయారైన మూస అంటున్నారు. తీసేస్తే షైలాక్‌ని జనం గుర్తుపడతారా? రెండు, కోర్టులో అతన్ని పేరుతో కాకుండా మాటిమాటికీ 'జ్యూ' అంటారు. అన్నిచోట్లా 'యూదుడా' అనే ఉంచాలా? మూడు, చివర్లో మతం మార్పించే షరతు. కోసేద్దామని సగంమంది. నాలుగు, ఈ గొడవంతా ఎందుకు, షైలాక్‌ని మార్వాడీ సేటుని చేసేస్తే మనవాళ్ళకి ఇట్టే ఎక్కుతుంది కదా అని ఒక సలహా.

తెలిసినవాళ్ళు విడమరచి చెప్పండి.

#2 · గ్రీన్‌రూమ్

ముక్కు వద్దండీ. నీతి చెప్పడానికి కాదు, ఆ నాటకమే ఒప్పుకోదు. ఆంటోనియో స్నేహితుడు బస్సానియో భార్య పోర్షియా లాయరు వేషంలో కోర్టులోకి రాగానే ఏం అడుగుతుంది? "ఇక్కడ వర్తకుడెవరు, యూదుడెవరు?" అని. డ్యూక్ ఇద్దర్నీ ముందుకు రమ్మన్నాక గానీ తేలదు. రెండంగుళాల పుట్టీ ముక్కు, పైన ఎర్ర విగ్గు పెట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడి ఉండగా ఆమె ఆ మాట అడిగితే వెనక కుర్చీల్లోంచి "కళ్ళజోడు తెచ్చుకోలేదా అమ్మా" అని ఎవరో ఒకరు అంటారు. ఆ నవ్వు నుంచి సీను మళ్ళీ లేవదు.

పనివాడి మాట ఒకటి. పుట్టీ వేడికి మెత్తబడుతుంది, చెమటకి అంచు లేస్తుంది. షైలాక్ వేసేవాడు కోర్టులో సగం సేపు మాట్లాడకుండా వింటాడు, ఆ వినే ముఖంలోనే నటనంతా ఉంది. ముఖం మధ్యలో కదలని ముద్ద పెట్టి ఆ నటన ఎలా రాబడతారు?

#3 · ముక్కుసూటి

పోర్షియా ప్రశ్నను మరీ లాగుతున్నారు. జడ్జీ ముందు వాది ప్రతివాదుల పేర్లు అడగడం కోర్టు మర్యాద. పైగా వెనిస్‌లో యూదులు వేరే బట్టలు కట్టుకునేవారని షైలాకే చెప్తాడు, నా యూదు అంగీ మీద ఉమ్మావు అని ఆంటోనియోని నిలదీస్తాడు. అంటే చూడగానే తెలిసేదే. నాలుగు వందల ఏళ్ళనాటి నాటకానికి ఇప్పటి సున్నితత్వం పూయడం దేనికి?

#4 · గ్రీన్‌రూమ్

అంగీ సంగతి ఒప్పుకుంటాను. అయితే బట్ట వేరు, ముక్కు వేరు. యూదులు, ముస్లింలు వేరే దుస్తుల్లో కనబడాలని 1215లో క్రైస్తవ మతపెద్దల నాలుగో లాటరన్ సభ శాసించింది. వెనిస్‌లో పసుపు గుర్తు, పసుపు టోపీ, పోనుపోను ఎర్ర టోపీ. 1516లో అక్కడి యూదులందర్నీ పాత లోహపు కార్ఖానా ఉన్న ఒక దీవిలోకి నెట్టి, రాత్రి గేట్లకు తాళాలు వేశారు. కాపలావాళ్ళ జీతం కూడా లోపలివాళ్ళే కట్టాలి. 'ఘెట్టో' అనే మాట పుట్టింది ఆ చోటి పేరుమీదే.

కాబట్టి టోపీ ఆ ఊరి ప్రభుత్వం అతని నెత్తిన పెట్టింది, వంకర ముక్కు మేకప్‌మాన్ పెట్టింది. టోపీ పెడితే వెనిస్ గురించి చెప్పినట్టు, ముక్కు పెడితే యూదుల ఒంటి గురించి చెప్పినట్టు. నా సలహా: మామూలు ముఖం, ఆంటోనియో అంగీ లాంటిదే రంగు వెలిసిన అంగీ, నెత్తిన ఎర్ర టోపీ. 1741లో లండన్ డ్రూరీ లేన్ థియేటర్లో నటుడు మాక్లిన్ షైలాక్ కట్టినప్పుడు పెట్టుకున్నది ఎర్ర టోపీయే. వెనిస్ యూదులు అది పెట్టుకునేవారని చదివాను అన్నాడట.

#5 · పాతపుస్తకాలు

ఆ విగ్గు ఎక్కడిదో కూడా చూడాలి. యూరప్ చిత్రాల్లో, మతనాటకాల్లో యేసును పట్టిచ్చిన యూదా ఇస్కరియోతుకి ఎర్ర జుట్టు, పసుపు బట్ట పెట్టడం పాత అలవాటు. పాదువాలో జొత్తో 1305 ప్రాంతంలో గీసిన ముద్దు దృశ్యంలో యూదా పసుపు వస్త్రం యేసును దాదాపు కప్పేస్తుంది. స్టేజీ యూదుడికి ఎర్ర విగ్గు ఆ వరసలోదే, అంటే నెత్తిన పెట్టగానే ద్రోహి అని బోర్డు కట్టినట్టు. 1814 జనవరి 26న నటుడు ఎడ్మండ్ కీన్ షైలాక్‌గా నల్ల విగ్గుతో వచ్చాడు. ఆనాటివాళ్ళకి అదే వింత.

షేక్‌స్పియర్ ఇది రాసింది 1596-97 ప్రాంతంలో. ఇంగ్లండ్ నుంచి యూదుల్ని 1290లో మొదటి ఎడ్వర్డ్ వెళ్ళగొట్టాడు, తిరిగి రానిచ్చింది 1656లో క్రామ్‌వెల్ కాలంలో. మధ్యలో లండన్‌లో ఉన్నది గుట్టుగా బతికిన, మతం మారిన కొద్దిమంది. వాళ్ళలో ఒకడైన రొడెరిగో లోపెజ్ ఎలిజబెత్ రాణి వైద్యుడు. రాణికి విషం పెట్టబోయాడన్న నేరం మోపి 1594లో చంపేశారు. ఆ వేడిలోనే మార్లో పాత నాటకం 'ది జ్యూ ఆఫ్ మాల్టా' మళ్ళీ ఆడింది. అందులో యూదుడు బరబాస్ బావుల్లో విషం కలుపుతానంటాడు, సన్యాసినుల మఠం మొత్తానికి విషం పెడతాడు, చివరికి సలసల కాగే గంగాళంలో పడి చస్తాడు. అంటే షైలాక్ మూస కట్టినవాళ్ళు పక్కింటి యూదుణ్ణి చూసి కట్టలేదు. బొమ్మను చూసి బొమ్మ చేశారు.

'సున్నితత్వం' అన్న ముక్కుసూటి గారికి: 1943లో వియన్నా బుర్గ్‌థియేటర్లో నాజీల ఆశీస్సులతో షైలాక్ కట్టింది వెర్నెర్ క్రౌస్. 1940 నాటి యూదు ద్వేష ప్రచార సినిమా 'యూద్ జ్యూస్'లో చాలా యూదు వేషాలు అతను ఒక్కడే వేశాడు. నాజీలకి ఈ నాటకంలో ఇబ్బందల్లా ఒకచోటే వచ్చింది: షైలాక్ కూతురు జెస్సికా క్రైస్తవుణ్ణి పెళ్ళాడుతుంది, 1935 న్యూరెంబర్గ్ చట్టాల ప్రకారం అది నేరం. ఆ ముక్క సవరించుకున్నారు. ముక్కుతో మాత్రం వాళ్ళకి ఏ ఇబ్బందీ రాలేదు.

#6 · ముక్కుసూటి

సరే, ముక్కు సంగతి వదిలేశాను. కానీ వడ్డీ వ్యాపారం అబద్ధం కాదు కదా. మధ్యయుగాల్లో యూదులు అప్పులిచ్చారు. ఉన్నది చూపిస్తే మూస ఎలా అవుతుంది?

#7 · లెక్కలపద్దు

ముందు పత్రం చదవండి. అసలు 3,000 డకట్లు (బంగారు నాణేలు). గడువు 3 నెలలు. వడ్డీ సున్నా. చిల్లిగవ్వ వడ్డీ తీసుకోను అని షైలాక్ నోటితోనే అంటాడు. గడువు దాటితే ఒక పౌను మాంసం, అంటే 450 గ్రాముల పైచిలుకు. అంతే. మన పత్రికలు నూటికి పది రూపాయల వడ్డీ లాగేవాణ్ణి 'షైలాక్' అంటాయి గానీ షైలాక్ ఆంటోనియోకి ఇచ్చింది వడ్డీలేని అప్పు. కోర్టులో బస్సానియో 6,000 ఇస్తానంటే వద్దంటాడు. పిసినారి చేసే పనేనా అది? డబ్బు కోసమైతే బ్రహ్మాండంగా పుచ్చుకుని ఇంటికి పోయేవాడు. కోర్టు సీనులో అతన్ని డబ్బుపిచ్చివాడిలా ఆడిస్తే కథ లెక్క తప్పుతుంది, అతనిది పగ.

ఇక చరిత్ర. వడ్డీ పుచ్చుకునే క్రైస్తవుడికి ప్రభురాత్రి భోజనం లేదు, క్రైస్తవ సమాధి లేదు అని 1179లో మూడో లాటరన్ సభ చెప్పింది. చేతిపని సంఘాల్లో యూదుడికి చోటు లేదు, భూమి చాలాచోట్ల దక్కదు. కొందరు అప్పుల వ్యాపారంలో పడ్డారు. ఇంగ్లండ్‌లో యూదులు రాజుగారి సొత్తు. వాళ్ళ పత్రాల లెక్క చూడడానికి వేరే ఖజానా ఆఫీసు ఉండేది. రాజుకి అవసరం వచ్చినప్పుడల్లా యూదుల మీద ఇష్టమొచ్చినంత పన్ను వేస్తాడు, వాళ్ళు బాకీదారు మీద పడతారు. గుమ్మం ముందు నిలబడ్డ ముఖం యూదుడిది, జేబు నిండేది రాజుది. పిండడం అయిపోయాక 1275లో వడ్డీ నిషేధించారు, 1290లో దేశం దాటించారు.

అసలు విషయం: అంతకంటే పెద్ద అప్పులిచ్చినవాళ్ళు ఫ్లారెన్స్ క్రైస్తవ బ్యాంకర్లు. బార్ది, పెరుజ్జి కుటుంబాలు మూడో ఎడ్వర్డ్‌కి అప్పులిచ్చి, అవి వసూలుకాక 1340లలో దివాలా తీశాయి. 'లోభి ఫ్లారెన్స్‌వాడు' అనే మూసపాత్ర విన్నారా? నిజం కొంచెం ఉంటే మూస కాదనుకోవడం పొరపాటు. పదిమంది చేసిన పనిలో ఒకణ్ణి మాత్రమే బొమ్మగీసి, అది వాడి రక్తంలో ఉందనడమే మూస.

#8 · అనువాదకురాలు

రెండో ప్రశ్నకి వస్తాను. 'యూదుడా' తీసేయకండి. మెత్తబరిచామనుకుంటారు గానీ దాంతో సాక్ష్యం చెరిపేసినట్టు అవుతుంది. ఆ రంగంలో ఎవరు ఎప్పుడు పేరుతో పిలుస్తున్నారు, ఎప్పుడు జాతితో పిలుస్తున్నారు అన్నదే సగం నాటకం. షేక్‌స్పియర్ ఇంగ్లీషులో రెండు సంబోధనలున్నాయి: 'యూ', 'దౌ'. మనకి 'మీరు', 'నువ్వు' ఉన్నాయి. ఇంతకంటే అదృష్టం ఏం కావాలి?

వరస చూడండి. పోర్షియా రాగానే 'యూ' తో మొదలు: "మీ పేరు షైలాకేనా?" "మీ దావా విచిత్రమైనదే గానీ వెనిస్ చట్టం మిమ్మల్ని తప్పుపట్టలేదు." దయ గురించిన పెద్ద ప్రసంగం చివరికి వచ్చేసరికి 'జ్యూ' అన్న పిలుపూ 'దౌ' కలిసి దిగుతాయి: "కనుక యూదుడా, నువ్వు అడిగేది న్యాయమే అయినా..." మీరు పోయి నువ్వు వచ్చింది, పేరు పోయి జాతి వచ్చింది, అదీ దయ గురించి చెప్తున్న నోటితో! తర్వాత కూడా "మూడింతలు ఇస్తామంటున్నారు, పుచ్చుకో" అని 'దౌ'లోనే. మధ్యలో ఒకసారి, రక్తం ఆపడానికి మీ ఖర్చుతో ఒక వైద్యుణ్ణి పెట్టుకోండి అన్నచోట మళ్ళీ 'మీ' తొంగిచూస్తుంది. మాంసం కోసుకో, రక్తం చుక్క కారకూడదు అని తీర్పు తిరగబడ్డాక పూర్తిగా నువ్వే. చివరి ప్రశ్న: "ఇష్టమేనా యూదుడా? ఏమంటావు?"

తెలుగు అనువాదాల్లో జరిగే తప్పు ఏంటంటే షైలాక్‌ని మొదటినుంచీ అందరూ 'ఒరేయ్' అనడం, అతను అందర్నీ 'దొరా' అనడం. ఆ జారుడు మెట్టు కనబడకుండా పోతుంది. షైలాక్ మాటల్లో కూడా గొంతు వంకర్లు, నత్తి, యాస పెట్టకండి. అతని మాట నాటకంలో అందరికంటే గట్టిది. మీరు కొన్న బానిసల్ని మీరు వదులుతారా, నేను కొన్న మాంసం నేనెందుకు వదలాలి అని అడిగినప్పుడు కోర్టులో ఒక్కడు జవాబు చెప్పలేదు. ఆ వాదన కోయకండి. సాధారణంగా నిడివి కోసం ముందు పోయేది అదే.

ఇంకోటి, 1600 నాటి అచ్చు ప్రతిలోనే సంభాషణ ముందు కొన్నిచోట్ల 'షైలాక్' అనీ కొన్నిచోట్ల 'జ్యూ' అనీ ఉంటుంది. మీ స్క్రిప్టులో, పోస్టరులో, పాత్రధారుల పట్టికలో మాత్రం 'షైలాక్' అనే రాయండి. పాత్రలు జాతితో పిలిస్తే అది వాళ్ళ గుణం. మీరు పిలిస్తే మీది.

#9 · సూత్రధారి99

"నా కూతురు! నా డకట్లు! నా కూతురు!" అని గుండెలు బాదుకుంటూ పరిగెత్తే బిట్టు ఒకటి ఉంటుంది కదా. కామెడీకి బాగా పండుతుంది. అది కలుపుతున్నారా?

#10 · అనువాదకురాలు

ఆ బిట్టు నాటకంలో లేదండీ! అది 2వ అంకం 8వ రంగంలో సొలానియో చెప్పే కబురు. షైలాక్ అంటే పడనివాడు, వీధిలో ఇలా ఏడ్చాడట అని స్నేహితుడికి వెక్కిరించి చూపిస్తాడు. షైలాక్ నోట ఆ మాట స్టేజీ మీద ఎక్కడా రాదు. కూతురూ డబ్బూ ఒక్కటే అనుకునే లోభి అని అందరికీ గుర్తుండిపోయిన ముద్ర ఒక శత్రువు మిమిక్రీ. కావాలంటే సొలానియో చేత చెప్పించండి, షైలాక్ చేత చేయించకండి.

దానికి బదులు 3వ అంకంలో ఉంగరం ముక్క కలుపుకోండి. జెస్సికా నాన్న ఉంగరం ఇచ్చేసి కోతిని కొనుక్కుందని తెలిసినప్పుడు, అది పెళ్ళికి ముందు లేయా నాకిచ్చిన పచ్చల ఉంగరం, అడవి నిండా కోతులిచ్చినా ఇచ్చేవాణ్ణి కాదంటాడు. ఒక్క వాక్యంలో పెళ్ళాం పోయిన మగవాడు కనిపిస్తాడు. ('పచ్చల' అంటే మళ్ళీ మరకతం అనుకుంటారేమో. అది టర్కాయిజ్, నీలిపచ్చ రాయి.)

'కళ్ళు లేవా' ప్రసంగం మొత్తం ఉంచండి. చాలామంది "గుచ్చితే రక్తం రాదా" దగ్గర ఆపి చప్పట్లు కొట్టించుకుంటారు. అది ముగిసేది అక్కడ కాదు, మీరు నేర్పిన దుర్మార్గమే నేను చేసి చూపిస్తాను అన్నచోట. తోక కోస్తే దేవుడి పాట అవుతుంది, అదీ నిజం కాదు.

#11 · బొమ్మలగీత

దారి మళ్ళిస్తున్నానేమో, పిల్లల కథలకు బొమ్మలు వేసేవాళ్ళకి కూడా ఇది పనికొస్తుంది. లోభి, తాంత్రికుడు, నిధి కాసే మరుగుజ్జు అనగానే చెయ్యి తనంతట తను వంకర ముక్కు, బొద్దు కనుబొమలు, గోళ్ళు పెరిగిన వేళ్ళు గీసేస్తుంది. కథలో 'యూదుడు' అన్న మాటే ఉండదు. అయినా అది తప్పా?

#12 · పాతపుస్తకాలు

ఆ గీత ఎక్కడ తిరిగివచ్చిందో తెలిస్తే మీరే తేల్చుకుంటారు. 1938లో జర్మనీలో నాజీ ప్రచారకుడు యూలియుస్ స్ట్రైకర్ సంస్థ 'విషపు పుట్టగొడుగు' అనే పిల్లల పుస్తకం వేసింది. అందులో బడి సీను: పంతులు అడుగుతాడు, పిల్లాడు బోర్డు మీద 6 అంకె వేసి యూదుడి ముక్కు కొన ఇలా వంగి ఉంటుంది అని వివరిస్తాడు. అంకెలు నేర్చుకునే వయసు పిల్లలకి! స్ట్రైకర్‌ని 1946లో న్యూరెంబర్గ్‌లో ఉరితీశారు. పుస్తకాలు అచ్చువేసి, పత్రిక నడిపి ఉరికంబం ఎక్కినవాడు.

మాట లేకుండా ముక్కలు పేర్చినా బొమ్మ నిలబడుతుంది. 1999 స్టార్ వార్స్ సినిమాలో వాటో అనే ఎగిరే జీవి: వేలాడే వంకర ముక్కు, యాస, పాత సామాన్ల కొట్టు, చేతికింద బానిస పిల్లాడు, ప్రతిదానికీ డబ్బు. విమర్శ వెంటనే వచ్చింది. హ్యారీ పాటర్ బ్యాంకు గోబ్లిన్ల మీద వచ్చినదీ ఇదే రకం. చేసినవాళ్ళ మనసులో ఏముందన్నది నాకు ముఖ్యం కాదు. నా కొలత ఒకటే. ముక్కు ఒక్కటే ఉంటే అది ముక్కే. ముక్కు, డబ్బు, రహస్య ముఠా, పిల్లలకు హాని, పరాయి యాస... వీటిలో మూడు ఒకే ఒంట్లో కలిశాయంటే ఆగి చూడండి. పిల్లలకు హాని అన్నది ఊరికే రాలేదు. 1144లో నార్విచ్‌లో విలియం అనే పిల్లాడి చావు యూదుల మీద వేశారు. అక్కణ్ణుంచి యూదులు పిల్లల రక్తం తీస్తారన్న పుకారు యూరప్ అంతా పాకి ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టింది.

#13 · సూత్రధారి99

పిల్లలు అనగానే ఫాగిన్ గుర్తొచ్చాడు.

#14 · పాతపుస్తకాలు

చెప్పుకోవలసినవాడే. డికెన్స్ నవల 'ఆలివర్ ట్విస్ట్' 1837-39లో నెలనెలా అచ్చయింది. అందులో పిల్లలచేత దొంగతనాలు చేయించే యూదుడు ఫాగిన్ మొదట కనబడేది 8వ అధ్యాయంలో: జడలు కట్టిన ఎర్ర జుట్టు, నిప్పు, చేతిలో పొడుగాటి ఫోర్కు. పొయ్యి, శూలం, ఎరుపు... దెయ్యం బొమ్మే. పెనం మీద వేగుతున్నదేమో సాసేజ్‌లు! పంది మాంసం ముట్టని మతంవాణ్ణి పరిచయం చేస్తూ రచయితకు తట్టిన వంటకం అది. ఉరికి ముందు ప్రార్థన చేయడానికి వచ్చిన యూదు పెద్దల్ని తిట్టి తరిమేస్తాడు. పుస్తకం మొత్తంలో అతనిలో యూదుతనం అంటూ ఏదీ లేదు, ఆ ముద్ర తప్ప.

ముద్ర ఎన్నిసార్లు? మొదటి 38 అధ్యాయాల్లో 257 సార్లు 'ది జ్యూ'. అదే నవలలోని బిల్ సైక్స్ ఇంతకంటే క్రూరుడు, అతన్ని ఒక్కసారి కూడా 'ఆ క్రైస్తవుడు' అనలేదు. 1863లో ఎలైజా డేవిస్ అనే యూదు ఇల్లాలు డికెన్స్‌కి ఉత్తరం రాసింది. (ఆమె భర్తే డికెన్స్ ఇల్లు టావిస్టాక్ హౌస్ కొన్నది.) ఆయన మొదట సమర్థించుకున్నాడు. తర్వాత 1867 ముద్రణలో, అప్పటికి టైపు కట్టని మిగతా అధ్యాయాల్లో 'ది జ్యూ' ని చాలావరకు కొట్టేసి 'ఫాగిన్' అనో 'అతను' అనో మార్చాడు. అందుకే ఇప్పటికీ చాలా ప్రతుల్లో పుస్తకం మొదటి భాగం ఒకలా, చివరి భాగం ఒకలా ఉంటుంది.

రాసేవాళ్ళు పెన్సిలు తీసుకుని ఈ లెక్క తమ కథలో కూడా వేసుకోవచ్చు. ఒక పాత్రని కథకుడు పేరుతో ఎన్నిసార్లు, కులంతోనో మతంతోనో ఎన్నిసార్లు పిలిచాడు? పక్క పాత్రల్ని?

మేకప్‌కి సంబంధించింది ఒకటి. 1948లో డేవిడ్ లీన్ సినిమాలో అలెక్ గిన్నెస్‌కి క్రుక్‌షాంక్ ఆ నవలకి గీసిన పాత బొమ్మల్ని చూసి అచ్చంగా అదే ముక్కు పెట్టారు. 'మూలానికి విధేయత' అన్నమాట. యుద్ధం ముగిసి మూడేళ్ళే. 1949లో బెర్లిన్‌లో అల్లరైంది, అమెరికాలో 1951 దాకా విడుదల కాలేదు, అదీ కోతలతో. 1960లో లయొనెల్ బార్ట్ అనే యూదు సంగీతకర్త 'ఆలివర్!' చేసినప్పుడు ఫాగిన్ నవ్వించే తాత అయ్యాడు.

#15 · ముక్కుసూటి

అయితే మందు సులువు. చెడ్డ యూదుడికి బదులు మంచి యూదుణ్ణి పెడితే సరి.

#16 · పాతపుస్తకాలు

డికెన్స్ అదే చేశాడు, ఫలించలేదు. 1864-65 నవల 'అవర్ మ్యూచువల్ ఫ్రెండ్'లో రయా అనే ముసలాయన. వడ్డీ కంపెనీ అసలు యజమాని ఫ్లెడ్జ్‌బీ అనే క్రైస్తవుడు, రయాను ముందు నిలబెట్టి తిట్లు ఆయనకి తినిపిస్తాడు. ఆలోచన అద్భుతం, లెక్కలపద్దు గారు చెప్పిన రాజు కథే. కానీ రయాకి కోపం రాదు, ఆశ లేదు, తప్పు చేయడు. మైనపు బొమ్మ. ఫాగిన్ దెయ్యమైతే రయా దేవత, ఇద్దరూ మనుషులు కారు.

అందమైన కూతురి మూస కూడా ఇంతే. ముసలి లోభి తండ్రి, బంగారంలాంటి కూతురు: బరబాస్-అబిగైల్, షైలాక్-జెస్సికా, 'ఐవన్‌హో'లో ఐజాక్-రెబెకా. మొదటి ఇద్దరూ మతం మారితేనే కథ మెచ్చుకుంటుంది. రెబెకా మారదు, తండ్రితో గ్రనడా వెళ్ళిపోతుంది. ఆ ఒక్క పనివల్ల 1819 నాటి ఆ పాత్ర ఇంకా బతికుంది.

'యూదులంతా మేధావులు, గర్భిణులు లెక్కలు చేస్తారు' అంటూ వాట్సాప్‌లో తిరిగేవి కూడా ఈ జాబితాలోవే. పొగడ్త కదా అని ఊరుకోవద్దు. అంత తెలివి ఒకే జాతికి కట్టబెట్టాక, లోకాన్ని తెరవెనక నడిపేది వాళ్ళేననడానికి ఒక్క అడుగు దూరం.

మనిషిలా కావాలంటే జేమ్స్ జాయిస్ నవల 'యులిసీస్'లో లియొపోల్డ్ బ్లూమ్‌ని చూడండి. పొద్దున్నే గొర్రె మూత్రపిండం వేయించుకోవాలనుకుని పంది మూత్రపిండం కొని మాడ్చుకుంటాడు. డికెన్స్ సాసేజ్‌కీ దీనికీ తేడా ఏంటంటే, బ్లూమ్ తినేది ఏమిటో జాయిస్‌కి తెలుసు, బ్లూమ్‌కీ తెలుసు.

#17 · గుడ్‌ఫ్రైడే నాటకం

చర్చి నాటకాలు వేయించేవాళ్ళకి ఇందులోంచి ఏమైనా ఉందా? యూదాకి, ప్రధాన యాజకులకి ఎప్పుడూ నల్ల గడ్డం, మసి కళ్ళు. యేసుకి తెల్లటి మేకప్.

#18 · అనువాదకురాలు

చాలా ఉంది. తెలుగులో 'యూదా' (మనిషి), 'యూదులు' (జనం) ఒకేలా వినబడతాయి, పిల్లలు కలిపేసుకుంటారు. ఎప్పుడూ 'ఇస్కరియోతు' కలిపి పలికించండి. రెండోది, యేసు, మరియ, పన్నెండుమంది శిష్యులు, అందరూ యూదులే. అందరికీ ఒకే రకం బట్ట, ఒకే రకం గడ్డం. విడిగా కనబడాల్సింది రోమన్ సైనికులు.

జర్మనీలో ఒబెరామ్మెర్‌గౌ ఊరు 1634 నుంచి ఈ నాటకం ఆడుతోంది, మామూలుగా పదేళ్ళకోసారి. 1934 ప్రదర్శనకు హిట్లర్ వెళ్ళి మెచ్చుకున్నాడు. యేసు మరణానికి యూదులందర్నీ బాధ్యుల్ని చేయరాదని 1965లో వాటికన్ ప్రకటించాక కూడా ఆ నాటకం మారడానికి దశాబ్దాలు పట్టింది. కొత్త దర్శకుడు స్ట్యూకెల్ చేతికొచ్చాక యాజకుల కొమ్ముల టోపీలు పోయాయి, 2000 ప్రదర్శనలో "వాని రక్తము మామీదను మా పిల్లలమీదను" అన్న గుంపు కేక తీసేశారు. మీరు ఆ వాక్యం ఉంచాలనుకుంటే గుంపులో అందరిచేతా అనిపించకండి. ఇద్దరు ముగ్గురు అరిస్తే, మిగతావాళ్ళలో కొందరు యేసు కోసం ఏడుస్తూ ఉంటే చాలు. ఏడ్చేవాళ్ళు ఉన్నారని లూకా సువార్తే చెప్తోంది.

#19 · సూత్రధారి99

ఎంత చెప్పినా మన ప్రేక్షకుల్లో యూదులు లేరు కదండీ.

#20 · లెక్కలపద్దు

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం యూదులున్నారు, ప్రార్థనా మందిరం ఉంది. పరిషత్తులు జరిగే జిల్లాయే.

లేకపోయినా జవాబు మారదు. షేక్‌స్పియర్ ప్రేక్షకుల్లో కూడా దాదాపు లేరు.

#21 · గ్రీన్‌రూమ్

నాలుగో ప్రశ్నకి ఎవరూ రాలేదు. మార్వాడీ సేటు ఆలోచన మానుకోండి. తెలుగు సినిమా సేటు దగ్గర ముక్కలన్నీ ముందే తయారుగా ఉన్నాయి: వచ్చీరాని తెలుగు, తాకట్టు కొట్టు, ఎర్ర ఖాతా పుస్తకం, నలుపుకునే చేతులు. వాటిని షైలాక్‌కి తొడిగితే ఒక మూస పోయి రెండు అవుతాయి. కోమటి మీద సామెతలు తెచ్చి కలిపినా ఇదే తప్పు.

కథపరంగా కూడా నష్టం. షైలాక్‌ని ఓడించేది ఏ చట్టం? పౌరుడి ప్రాణం తీయబోయిన 'పరదేశి' ఆస్తిలో సగం బాధితుడికి, సగం ప్రభుత్వానికి అన్న చట్టం. ఇల్లూ వాకిలీ వెనిస్‌లోనే ఉన్న మనిషి తీర్పు రోజున పరదేశి అయిపోయాడు. సేటుకి అలాంటి చట్టం మీరు ఎక్కణ్ణుంచి తెస్తారు? టోపీ శాసనం? మతం మార్పిడి? మార్చినప్పుడు రాలిపోయేది కారణం, మిగిలేది పిసినారితనం.

#22 · తెరతీయగరాదా

సేటు ఆలోచన వదిలేశాం. ముక్కు, విగ్గు వద్దు, ఎర్ర టోపీ ఖాయం. మీరు-నువ్వు వరస స్క్రిప్టులో గుర్తులు పెట్టుకున్నాం. మిగిలింది మతం షరతు. ఉంచితే బస్సానియో మిత్రుడు గ్రాషియానో వెక్కిరింపులకి జనం ఈలలు వేస్తారేమోనని భయం.

#23 · గ్రీన్‌రూమ్

వేస్తారు, వేయనివ్వండి. "దానియేలే తీర్పు చెప్పడానికి వచ్చాడు" (బైబిల్ కథల్లో న్యాయం తేల్చే తెలివైనవాడు) అని మొదట పోర్షియాని పొగిడింది షైలాక్. తీర్పు తిరగబడగానే అదే మాటను "రెండో దానియేలు" అంటూ గ్రాషియానో తిప్పి కొడతాడు. మొదటిసారి ఈల పడుతుంది. రెండోసారి, మూడోసారి అన్నప్పుడు స్టేజీ మీద ఇంకెవరూ నవ్వకూడదు, డ్యూక్ కూడా. ఈల దానంతట అదే సన్నబడుతుంది.

షరతు పెట్టేది ఆంటోనియో: వెంటనే క్రైస్తవుడు కావాలి, ఆస్తి కూతురికీ అల్లుడికీ రాసివ్వాలి. ఆ మాట పూర్తవగానే గుమాస్తా ఒకడు వెళ్ళి షైలాక్ నెత్తిమీది టోపీ తీసేయాలి. కొట్టి కాదు, మర్యాదగా, ఉపకారం చేస్తున్నట్టు. క్రైస్తవుడికి ఆ టోపీ అక్కర్లేదు కదా! "ఇష్టమేనా యూదుడా?" అన్న ప్రశ్న ఆ తర్వాత పడాలి. "ఇష్టమే" అన్న జవాబుకి ముందు మూడు లెక్కపెట్టేంత నిశ్శబ్దం, అంతకంటే వద్దు, లాగితే మెలోడ్రామా అవుతుంది. "ఒంట్లో బాగాలేదు, పత్రం ఇంటికి పంపండి, సంతకం పెడతాను" అని చెప్పి ఎడమ వింగ్‌లోకి, వెనక్కి చూడకుండా. గ్రాషియానో బాప్తిస్మం జోకు వీపుకి చెప్పాలి. త్రాసు, టోపీ స్టేజీ మధ్యలోనే ఉండిపోవాలి, పోర్షియా ఉంగరం అడిగే సరదా సంభాషణ వాటి పక్కనే నడవాలి. నాటిక అక్కడ దించేయండి.

#24 · తెరతీయగరాదా

టోపీ ఫెల్టుదా, అట్టదా?

#25 · గ్రీన్‌రూమ్

ఫెల్టు, అంచు లేనిది. అట్టది గుమాస్తా కింద పెట్టగానే దొర్లుతుంది. రంగు ముదురు కుంకుమ కాకుండా ఇటుక ఎరుపు తీసుకోండి, చివరి సీనుకి లైట్లు నీలం చేసే అలవాటుంటే మానండి. నీలం పడితే ఎరుపు నల్లబడిపోయి టోపీ కనబడదు.